మట్టిలో కార్బన్‌కి డబ్బులు: అపోహలు - వాస్తవాలు

విశాఖ దగ్గర ఆనందపురం, పద్మనాభం, భీమిలి వైపు పొలాల్లో మట్టి నమూనాలు తీయడం నా పని. ఈమధ్య ఏ ఊరెళ్ళినా రైతులు అడిగేది ఒకటే: "బాబూ, భూమిలో కార్బన్ దాస్తే డబ్బులిస్తారటగా, ఎకరాకి ఎంత?" నేలను బాగుచేసినవాళ్ళకి ప్రతిఫలం దక్కాలని నేనూ మనసారా కోరుకుంటాను. కానీ వాట్సాప్‌లో తిరుగుతున్న లెక్కలు చూస్తే భయమేస్తోంది. వాటిని నమ్మి సంతకాలు పెట్టేముందు ఇది చదవండి.

అపోహ: ఎకరాకి ఏటా వేలకి వేలు వస్తాయి.

వాస్తవం: లెక్క మనమే వేద్దాం. ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. కార్బన్‌ని మామూలుగా పై 30 సెంటీమీటర్ల మట్టిలో కొలుస్తారు. మన ఎర్ర నేలల్లో ఆ లోతు వరకూ ఉన్న మట్టి ఎకరాకి దాదాపు 1,700 టన్నులు తూగుతుంది. సేంద్రియ కార్బన్ 0.4 శాతం నుంచి 0.5కి పెరిగితే, చేరిన కార్బన్ 1.7 టన్నులు. తాము వదిలే పొగకి బదులుగా ఈ కార్బన్‌ని కొనే కంపెనీలు దాన్ని కార్బన్ డయాక్సైడ్‌లోకి మార్చి చూస్తాయి కాబట్టి 3.67తో గుణించాలి. సుమారు 6 టన్నులు. అమ్మకంలో టన్నుకి ఒక క్రెడిట్ అంటారు, అంటే 6 క్రెడిట్లు.

మన ఎండలకి, ఇసుకపాలు ఎక్కువున్న నేలలకి ఆ 0.1 శాతం పెరగడానికే కొన్నేళ్ళు పడుతుంది. లెక్క కోసం ఐదేళ్ళనుకుందాం, టన్నుకి వెయ్యి రూపాయలనుకుందాం. ఏడాదికి ఎకరాకి పన్నెండు వందల చిల్లర. అందులోంచి కొలత ఖర్చు, తనిఖీ ఖర్చు, ప్రాజెక్టు నడిపే కంపెనీ వాటా, దాచిన కార్బన్ మళ్ళీ పోతే భర్తీకి పూచీగా పక్కన పెట్టే క్రెడిట్లు పోగా మిగిలింది మీది. అదీ తనిఖీ పూర్తయ్యి క్రెడిట్లు అమ్ముడయ్యాకే. దీన్ని చూసుకుని అప్పు చేయకండి.

అపోహ: సాయిల్ హెల్త్ కార్డు మీద అంకె ఉంది కదా, అది చూపిస్తే చాలు.

వాస్తవం: 2015లో మొదలైన ఆ కార్డు ఎరువుల సలహా కోసం. దానికి మట్టి సాధారణంగా 15 సెంటీమీటర్ల లోతు నుంచే తీస్తారు, కార్బన్‌ని శాతంలో చెబుతారు. క్రెడిట్‌కి కావలసింది టన్నులు. శాతాన్ని టన్నులు చేయాలంటే మట్టి ఎంత గుల్లగా ఉందో, ఎంత గట్టిగా ఉందో తెలియాలి.

అందుకు మేం చేసేది ఇదీ. పొలంలో గుంత తీసి, లోపల ఎంత మట్టి పడుతుందో కొలత తెలిసిన ఉక్కు రింగుని మట్టిలోకి నిదానంగా దిగ్గొడతాం. కదలకుండా బయటికి తీసి, పైనా కిందా పొడుచుకొచ్చిన మట్టిని చాకుతో రింగు అంచుకి సమంగా కోస్తాం. ఆ మట్టిని సంచిలో వేసి, పొలం గుర్తు, లోతు రాసి ల్యాబ్‌కి పంపితే 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టి తూస్తారు. రాళ్ళుంటే 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టి వేరు చేస్తారు.

పద్మనాభం వైపు గరప (రాళ్ళు కలిసిన) నేలల్లో ఈ రాళ్ళే అసలు చిక్కు. రింగులో బరువులో ఐదో వంతు రాళ్ళే అయినప్పుడు వాటిని తీసేయకుండా లెక్కేస్తే, కార్బన్ ఉన్నదానికంటే నాలుగో వంతు ఎక్కువ కనిపిస్తుంది. దుక్కి దున్నిన మర్నాడు తీసినా, గత్తం (పశువుల ఎరువు) చల్లిన వారానికి తీసినా అంకె మారిపోతుంది. ఒకే మడిలో గట్టు వారకీ నడుమకీ ఉండే తేడా 0.1 శాతాన్ని దాటిపోవచ్చు. అందుకే ఒక్క నమూనా తీసి "మీ పొలంలో ఇంత కార్బన్ పెరిగింది" అనేవాళ్ళ మాట నేను నమ్మను, మీరూ నమ్మకండి. శాటిలైట్‌తోనే మొత్తం కొలిచేస్తామన్నా అంతే. పంట పచ్చదనాన్ని పైనుంచి చూడొచ్చు. అడుగు లోతున ఉన్న కార్బన్‌కి మట్టి తవ్వాల్సిందే.

అపోహ: గత్తం ఎంత తోలితే అంత కార్బన్ జమ.

వాస్తవం: గత్తం నేలకి మేలే, మానొద్దు. కాకపోతే మన వేడిలో అందులో ఎక్కువ భాగం సూక్ష్మజీవులు తినేయగా మళ్ళీ గాలిలోకే పోతుంది. పైగా పక్క ఊరి కల్లం నుంచి తెచ్చిన గత్తమైతే కార్బన్ చోటు మారిందంతే, కొత్తగా చేరలేదు. నేలలో ఎక్కువకాలం నిలిచేది వేళ్ళ నుంచి వచ్చే కార్బన్. అందుకే వేసవిలో పొలాన్ని బీడు పెట్టకుండా తొలకరికి ముందే నవధాన్యాలు చల్లమని, ప్రకృతి వ్యవసాయాన్ని నడిపించే ప్రభుత్వ సంస్థ రైతు సాధికార సంస్థ వాళ్ళు చెబుతున్నారు. జీలుగ, జనుము, పిల్లిపెసర వేసినా, చెరకు ఆకు తగలబెట్టకుండా చాళ్ళలో పరిచినా ఆ దారిలోనివే.

అపోహ: ఏళ్ళుగా ప్రకృతి వ్యవసాయం చేస్తున్నవాళ్ళకే ముందు డబ్బులు.

వాస్తవం: ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. కార్బన్ మార్కెట్ డబ్బిచ్చేది కొత్తగా వచ్చిన మార్పుకే. నిన్నటిదాకా ఆకు కాల్చి, నేడు మానినవాళ్ళ మార్పు లెక్కలోకొస్తుంది. తాతల నాటి నుంచీ నేలను కాపాడుకుంటూ చోడి, కంది కలిపి వేసుకునే రైతుకి అందులో చోటు దొరకడం కష్టం. నన్నడిగితే అలాంటివాళ్ళకి ప్రభుత్వమే వేరే దారిలో సాయం చేయాలి.

అపోహ: అరకులో కార్బన్ డబ్బులిచ్చారు కాబట్టి మనకీ అలాగే ఇస్తారు.

వాస్తవం: అరకు లోయలో నాంది ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ గిరిజన రైతులతో చేసిన ప్రాజెక్టుకి, కంపెనీల డబ్బుతో నడిచే లైవ్లీహుడ్స్ ఫండ్ పెట్టుబడి పెట్టింది. అది ప్రధానంగా చెట్లలో చేరే కార్బన్. చెట్టు చుట్టుకొలత టేపుతో కొలవచ్చు, మట్టికి ఆ వీలు లేదు. వరిలో ఆరుతడికి వచ్చే క్రెడిట్లూ వేరే, అవి నీళ్ళు నిలిచిన మడి నుంచి వచ్చే మీథేన్ వాయువుని తగ్గించినందుకు.

అపోహ: సంతకం పెడితే పోయేదేముంది?

వాస్తవం: కార్బన్ నేలలో నిలవాలి కాబట్టి ఒప్పందాలు ఏళ్ళ తరబడి ఉంటాయి. ఆనందపురం రోడ్డు పొడుగునా చూడండి, నిన్నటి పొలం నేడు లేఅవుట్. జేసీబీ పై అడుగు మట్టి ఎత్తిపోస్తే దాచిన కార్బన్ కూడా దాంతోనే పోతుంది. భూమి అమ్మితే ఒప్పందం ఏమవుతుంది, ముందు తీసుకున్న డబ్బు తిరిగి కట్టాలా అన్నది కాగితం మీద ఉండాలి. కౌలుకి చేస్తుంటే మరీ జాగ్రత్త. చెమటోడ్చేది కౌలు రైతు, పాస్‌బుక్ యజమానిది, డబ్బు ఎవరి ఖాతాలో పడుతుందో ముందే రాయించుకోవాలి.

కాగితం తెలుగులో ఇమ్మనండి. మధ్యలో మానుకునే వీలుందా, మీ వాటా ఎంత శాతం, అది ఖర్చులు తీసేయకముందా తీశాకా, మట్టి ఫలితాల కాపీ మీకిస్తారా అని అడగండి. ఇవాళే వేలిముద్ర వేయాలని తొందరపెడితే, ఇంట్లో చదివించుకుని వారం తర్వాత చెబుతామని పంపేయండి.