చెడిపోయిన హీటర్, 36 డాలర్ల సీటు

సంగీత బృందం ఎక్కిన విమానం కూలిందనగానే అందరి నోటా మొదట వచ్చే మాట విధి. చివరి నిమిషంలో సీటు ఎవరు వదులుకున్నారు, ఎవరు ఎక్కారు అన్న కథలే ఏళ్ల తరబడి తిరుగుతాయి. దర్యాప్తు నివేదికలు తిరగేస్తే మాత్రం టూర్ షెడ్యూళ్లు, అద్దె విమానాలు, పైలట్ల అర్హతలు బయటపడతాయి.

అమెరికాలో 1959 జనవరి 23న మొదలైన 'వింటర్ డ్యాన్స్ పార్టీ' టూర్‌నే తీసుకోండి. 24 రోజుల్లో 24 ఊళ్లు. ఆ ఊళ్ల వరుస చూస్తే మ్యాప్ ముందు పెట్టుకోకుండా వేసినట్టుంటుంది, ఒకరోజు ముందుకి, మర్నాడు వెనక్కి. గడ్డకట్టే చలిలో బస్సుల హీటర్లు పనిచేయలేదు. పాదాలు మంచుకి దెబ్బతిని డ్రమ్మర్ కార్ల్ బంచ్ ఆస్పత్రి పాలయ్యాడు. ఇక ఆ బస్సెక్కడం తన వల్ల కాదనుకున్న రాక్ అండ్ రోల్ గాయకుడు బడ్డీ హాలీ, అయోవాలోని క్లియర్ లేక్ షో తర్వాత వెళ్లడానికి చిన్న బీచ్‌క్రాఫ్ట్ బొనాంజా విమానం మాట్లాడుకున్నాడు. మనిషికి 36 డాలర్లు. ముందే చేరితే కాస్త నిద్రపోవచ్చు, బట్టలు ఉతికించుకోవచ్చు, అంతే. ఫ్లూతో బాధపడుతున్న మరో గాయకుడు జె.పి. రిచర్డ్‌సన్‌కి హాలీ బృందంలోని వేలన్ జెన్నింగ్స్ తన సీటు ఇచ్చేశాడు. పదిహేడేళ్ల గాయకుడు రిచీ వాలెన్స్ బొమ్మా బొరుసులో గెలిచి ఎక్కాడు. ఫిబ్రవరి 3 అర్ధరాత్రి దాటాక బయల్దేరిన విమానం కొద్ది మైళ్లకే పొలంలో కూలింది. పైలట్‌తో సహా నలుగురూ చనిపోయారు.

పైలట్‌కి 21 ఏళ్లు. బయట ఏమీ కనిపించనప్పుడు కేవలం పరికరాలు చూసి నడిపే అర్హత అతనికి లేదు. విమానం ముక్కు పైకుందా కిందికుందా చెప్పే పరికరం, అతను అలవాటుపడ్డ దానికి తిరగేసి చూపించే రకం. వాతావరణ హెచ్చరికలూ సరిగా అందలేదు. అయినా ఆ రాత్రి తర్వాతి ఊరు మూర్‌హెడ్‌లో షో ఆపలేదు, తర్వాత టూరూ ఆగలేదు. నాణెం కథకన్నా ఇదే నన్ను ఎక్కువ కలవరపెడుతుంది.

పరికరాల మీద నడిపే అర్హత లేని పైలట్ చేతిలోనే 1963లో గాయని ప్యాట్సీ క్లైన్ పోయింది. ఆ పైలట్ ఆమె మేనేజరే. మరుసటి ఏడాది గాయకుడు జిమ్ రీవ్స్ తన విమానం తానే నడుపుతూ ఉరుముల వానలో చిక్కుకుని కూలిపోయాడు.

పెద్ద బ్యాండ్లకి పెద్ద విమానాలు వచ్చాక కూడా ఇబ్బంది తీరలేదు. 1977 అక్టోబర్ 20న లినర్డ్ స్కినర్డ్ రాక్ బృందం అద్దెకు తీసుకున్న పాత కన్వేర్ 240 విమానం మిసిసిపీ అడవిలో కూలి, గాయకుడు రానీ వాన్ జాంట్ సహా ఆరుగురు మరణించారు. కారణం, గాల్లో ఉండగానే ఇంధనం అయిపోవడం! ట్యాంకులో ఎంతుందో సిబ్బంది పట్టించుకోలేదు. అంతకుముందు ఇదే విమానాన్ని మరో రాక్ బ్యాండ్ ఏరోస్మిత్ తరఫు మనిషి పరిశీలించి వద్దన్నాడు.

2001 ఆగస్టు 25న బహామాస్‌లో వీడియో షూటింగ్ ముగించుకుని బయల్దేరిన 22 ఏళ్ల గాయని ఆలియా, విమానం నేల వదిలిన కాసేపటికే మరో ఎనిమిది మందితో పాటు చనిపోయింది. మనుషులు, సామాను కలిపి ఆ చిన్న సెస్నా విమానం మోయగలిగిన బరువు దాటిపోయింది. బరువంతా వెనక్కి పడింది కూడా. ఆ కంపెనీ తరఫున దాన్ని నడపడానికి పైలట్‌కి అనుమతే లేదని దర్యాప్తులో తేలింది.