పూలరసం పెయింట్ కాదు: మొక్కల రంగులపై అపోహలు - వాస్తవాలు

నల్లగొండలో మొక్కల రంగులు తయారుచేసి బొమ్మలు వేసేవాళ్లకు ఇస్తుంటాను. అందరూ అడిగేవి ఇవే.

అపోహ: మోదుగుపూలు ఉడికించి వడగడితే పెయింట్ రెడీ.

వాస్తవం: అవి రంగునీళ్లు, హోలీకి సరిపోతాయి. కాగితం మీద ఇంకిపోతాయి, తడి తగిలితే పాకుతాయి. పెయింట్‌కి నీళ్లలో కరగని పొడి కావాలి. ఆ కషాయం వేడిగా ఉండగానే పటిక కరిగించి, చాకలి సోడా నీళ్లు కొంచెం కొంచెంగా పోయాలి. పడగానే బుస్సున నురుగు లేస్తుంది, అది కార్బన్ డయాక్సైడ్ (గిన్నె సగం ఖాళీగా ఉంచకపోతే పొయ్యంతా రంగే). పటికలోని అల్యూమినియం హైడ్రాక్సైడ్‌గా మారుతూ రంగును పట్టుకుని అడుక్కి దిగుతుంది. తెల్లారేసరికి పైన తేటనీళ్లు, కింద పెరుగులాంటి ముద్ద. దాన్ని కడిగి, ఎండబెట్టి, తుమ్మబంకతో నూరితే అప్పుడు పెయింట్. దీన్ని లేక్ పిగ్మెంట్ అంటారు. నీలిమందుకు ఈ తంటా లేదు, అది ముందే నీళ్లలో కరగదు.

అపోహ: నేచురల్ అంటే కెమికల్ ఉండదు.

వాస్తవం: మరి పటిక ఏంటి? హరిదళం అనే పసుపు రంగు రాయి కూడా భూమిలోంచి వచ్చేదే, ఆర్సెనిక్ సల్ఫైడ్, విషం.

అపోహ: గోడ మీద పసుపుతో వేస్తే చాలు.

వాస్తవం: పారాణి ఎలా కలుపుతారో మన ఇళ్లల్లో అందరికీ తెలుసు, పసుపులో సున్నం పడితే ఎర్రగా మారుతుంది. కొత్తగా సున్నం వేసిన గోడ మీదా అదే జరుగుతుంది. పైగా ఎండకు పసుపులో రంగునిచ్చే కర్కుమిన్ చెడిపోయి వెలిసిపోతుంది.

అపోహ: పుట్టపాకలో నేసే తేలియా రుమాల్ బట్టకి ఇప్పుడు వాడే అలిజరిన్ అనే ల్యాబ్ ఎర్ర రంగు డూప్లికేట్, చిరివేరు మొక్క వేళ్ల నుంచి తీసే రంగే అసలు.

వాస్తవం: చిరివేరులో ఎరుపునిచ్చేదీ అలిజరినే. 1868లో జర్మనీలో గ్రేబే, లీబర్మన్ దాన్ని ల్యాబ్‌లో తయారుచేశారు, అణువు అదే. వేరులో ఇంకొన్ని రంగులు కలిసి ఉంటాయి కాబట్టి ఛాయలో తేడా వస్తుంది, ఆ తేడా నాకూ ఇష్టమే, కానీ దాన్ని బట్టి నేతన్నను దొంగ అనడం అన్యాయం. ఆముదం కాయల బూడిదతో, నూనెతో నూలును ముందే తయారుచేసే కష్టం మాత్రం ఎవరూ లెక్కపెట్టరు. అసలు అలిజరిన్ ఏ రంగు ఇస్తుందో తేల్చేది లోహం: పటికతో ఎరుపు, ఇనుముతో ఊదా. అందుకే ఎరుపు కోసం ఇనుప బాండీలో మరిగించకండి, స్టీలు గిన్నె వాడండి.