ఇస్తాంబుల్‌లో తెగని ఆ ఒక్క క్లాజు

ఉక్రెయిన్ యుద్ధంపై చర్చల మాట వస్తే చాలు, రష్యా 2022 నాటి ఇస్తాంబుల్ కాగితాన్ని, అంటే యుద్ధం మొదలైన కొత్తలో రెండు దేశాలూ చర్చించుకున్న శాంతి ఒప్పందం ముసాయిదాను, బయటికి తీస్తుంది. అప్పుడే సంతకం దాకా వచ్చామని, పశ్చిమ దేశాలే అడ్డుపడ్డాయని దాని వాదన. 2014లో రష్యా కలిపేసుకున్న క్రిమియా, ఉక్రెయిన్ తూర్పున ఉన్న డాన్‌బాస్ కథ అందరూ చదివిందే. ఇప్పటి పేచీ అర్థం కావాలంటే నేరుగా 2022 మార్చి 29కి వెళ్లాలి.

ఆ రోజు దోల్మాబాచే ప్యాలెస్‌లో ఉక్రెయిన్ బృందం చాలానే దిగివచ్చింది. నాటోలో చేరం, విదేశీ స్థావరాలు పెట్టనివ్వం, క్రిమియా సంగతి 15 ఏళ్లపాటు మాట్లాడుకుందాం అంది. బదులుగా, మళ్లీ దాడి జరిగితే ఎవరొస్తారో రాసివ్వమని అడిగింది. హామీదారు దేశాలు మూడు రోజుల్లో సంప్రదింపులు ముగించి ఆయుధాలివ్వాలి, శత్రు విమానాలు రాకుండా గగనతలం మూసెయ్యాలి.

ఏప్రిల్ 15 నాటి ముసాయిదాకు వచ్చేసరికి ఆ క్లాజుకు రష్యా ఒక ముక్క తగిలించింది: హామీదారులందరూ ఒప్పుకుంటేనే సాయం. ఆ హామీదారుల్లో రష్యా కూడా ఉంది! దొంగే ఒప్పుకుని సంతకం చేశాక పోలీసులు బయల్దేరాలన్నమాట. ఉక్రెయిన్ సైన్యం 85,000 దాటకూడదని రష్యా, 2,50,000 కావాలని ఉక్రెయిన్. అంకెల దగ్గర బేరం కుదరొచ్చు. ఈ హామీ క్లాజు దగ్గర ఎలా కుదురుతుంది?

ఉక్రెయిన్ పట్టుకు కారణం 1994 డిసెంబరు 5న బుడాపెస్ట్‌లో ఉంది. సుమారు 1,900 వ్యూహాత్మక అణు వార్‌హెడ్లను వదులుకుంటున్నందుకు దానికి దక్కిన పత్రంపై రష్యా, అమెరికా, బ్రిటన్ సంతకాలున్నాయి. సరిహద్దులను గౌరవిస్తామని ఉంది. గౌరవించకపోతే సైన్యం పంపుతామని ఎక్కడా లేదు. 20 ఏళ్లు తిరక్కుండానే క్రిమియా పోయింది.

2022 ఏప్రిల్ 9న కీవ్ వచ్చిన అప్పటి బ్రిటన్ ప్రధాని బోరిస్ జాన్సన్ సంతకం వద్దన్నారని ఉక్రెయిన్ ప్రతినిధి డేవిడ్ అరఖామియా 2023 నవంబరులో చెప్పిన మాట నిజమే. మాస్కో దాన్నే పట్టుకుంది. రష్యా మాటపై నమ్మకం లేదని అదే ఇంటర్వ్యూలో ఆయన అన్నది మాత్రం వదిలేసింది. రష్యా సైన్యం వెనుదిరిగాక, కీవ్ దగ్గరి బుచా పట్టణంలోని యాబ్లున్‌స్కా వీధిలో శవాలు పడి ఉన్న ఫొటోలు జాన్సన్ వచ్చేనాటికే ప్రపంచమంతా చూసింది. ఒకరి చేతులు వెనక్కి కట్టేసి ఉన్నాయి. అయినా ముసాయిదాలు ఆగలేదు. హామీ దగ్గరే చిక్కుపడ్డాయి.

2025 ఆగస్టులో హామీల చర్చ మళ్లీ వేడెక్కినప్పుడు, తమను పక్కనపెట్టి భద్రత గురించి మాట్లాడటం దారీ తెన్నూ లేని పని అన్నారు రష్యా విదేశాంగ మంత్రి లవ్రోవ్. ఇస్తాంబుల్ నమూనాయే మంచిదన్నారు.