పియానో పక్కన బేస్ గిటార్ శ్రుతి: అపోహలు - వాస్తవాలు

అపోహ: ట్యూనర్‌లో పచ్చలైటు వెలిగితే శ్రుతి కుదిరినట్టే.

వాస్తవం: మనం మార్చకపోతే ఆ లైటుకు తెలిసింది 'ఏ' స్వరానికి ప్రమాణమైన 440 హెర్ట్జ్ ఒక్కటే. గోదావరి జిల్లాల వానాకాలపు తేమకు పాత పియానో సౌండ్‌బోర్డు (తీగల ధ్వనిని పెంచే చెక్కపలక) ఉబ్బి శ్రుతి పైకెక్కుతుంది, వడగాలి రోజుల్లో దిగుతుంది. రెండు వందలకు పైగా తీగలున్న పియానోను పాట మొదలయ్యేలోగా ఎవరూ మార్చలేరు. కాబట్టి నాలుగు తీగల బేసే సర్దుకోవాలి. మధ్య 'సీ' పైనున్న 'ఏ' మెట్టు నొక్కండి. ట్యూనర్ 443 దగ్గర నిలిస్తే దాని రిఫరెన్సు (ప్రమాణం) 443కి మార్చి తీగలు కలపండి.

అక్కడితో ఆగకూడదు. తేమకు నడిమి స్థాయి ఎక్కినంతగా కింది స్థాయి సాధారణంగా ఎక్కదు, బేస్ మోగేదేమో కిందే. అందుకే 12వ ఫ్రెట్ మీద హార్మోనిక్ (తీగను నొక్కకుండా వేలు తాకించి మీటే స్వరం) మీటి, పియానోలో అదే స్వరంతో కలిపి వినండి. 'ఏ' తీగకైతే అది 110 హెర్ట్జ్. అక్కడ సెకనుకు ఒక ఊపు (ధ్వని పెరిగి తగ్గడం) వినిపిస్తే దాదాపు 16 సెంట్ల తేడా; సెంటంటే అరస్వరంలో నూరోవంతు. నాలుగైదు సెకన్లకు ఒకటయ్యేదాకా తిప్పండి. ఒక్క మెట్టు నొక్కినా పియానో తనంతట తానే ఊగుతుంటే ఆ మెట్టు తీగలే ఒకదానితో ఒకటి కలవలేదు. దాన్ని వదిలి పక్క స్వరం చూసుకోండి.

ఓపెన్ 'ఈ' తీగ పియానోలో ఎడమ చివరి 'ఈ', 41.2 హెర్ట్జ్. అంత కింద ఊపులు పట్టుకోవడం కష్టం. 61 మెట్ల కీబోర్డులో, ఆక్టేవ్ మార్చకపోతే, ఆ స్వరమే ఉండదు.

అపోహ: పక్కపక్క తీగల 5వ, 7వ ఫ్రెట్ల హార్మోనిక్స్ కలిపితే అంతకు మించిన శ్రుతి లేదు.

వాస్తవం: గిటార్ ఒక్కటే మోగితే ఫరవాలేదు. పియానో శ్రుతి సమభాగాల లెక్క (ఆక్టేవ్‌ను పన్నెండు సమభాగాలు చేసేది), హార్మోనిక్స్‌ది శుద్ధ లెక్క (సహజ నిష్పత్తులది). జతకు 2 సెంట్ల చొప్పున 'ఈ' నుంచి 'జీ'కి వచ్చేసరికి 6 సెంట్లు పోతాయి. ప్రతి తీగనూ విడిగా పియానోతోనే కలపాలి. ఎక్కువైతే బాగా దించి, కింది నుంచి పైకి తెచ్చి ఆపండి. దించి ఆపిన తీగ తర్వాత జారుతుంది.

అపోహ: కీబోర్డాయన ట్రాన్స్‌పోజ్ (మెట్ల స్వరాలన్నీ ఒకేసారి పైకో కిందికో జరిపే బటన్) నొక్కితే బేస్ మళ్లీ శ్రుతి చేయాలి.

వాస్తవం: అక్కర్లేదు. ప్లస్ ఒకటైతే ఒక ఫ్రెట్ పైన వాయించండి. శ్రుతి చూసేటప్పుడు మాత్రం ట్రాన్స్‌పోజ్ సున్నాలో ఉందో లేదో ముందే అడగండి. సగం తగాదాలు అక్కడే.

అపోహ: ఓపెన్ స్ట్రింగ్స్ కలిస్తే మెడంతా కలుస్తుంది.

వాస్తవం: 12వ ఫ్రెట్ నొక్కిన స్వరం హార్మోనిక్ కంటే ఎక్కువుంటే శాడిల్ (బ్రిడ్జి మీద తీగ ఆనే ముక్క) వెనక్కి, తక్కువుంటే ముందుకు. అంతర్వేది వైపు ఉప్పుగాలికి తుప్పెక్కిన తీగలకు ఈ సర్దుబాటు కుదరదు. ముందు తీగలు మార్చండి.