ఎండలో చదివే తెర

మైపాడు బీచ్‌లో పొద్దున ఏడు గంటలకే ఎండ సూటిగా ముఖాన కొడుతుంది. సముద్రం తూర్పునే కదా, తప్పించుకునే దారి లేదు. మొన్న అక్కడ కూర్చున్నప్పుడు మా నాయనకు ఫోన్ ఇచ్చి ఒక కథ చదవమన్నాను. అటూ ఇటూ తిప్పి చూసి, "ఇందులో అక్షరాలేవిరా, నా ముఖమే కనపడతా ఉంది" అన్నాడు. అప్పుడు సంచిలోంచి పుస్తకాలు చదవడానికే చేసిన ఈ-రీడర్ తీసి ఇచ్చాను. కళ్లజోడు సర్దుకుని వరసగా ఆరేడు పేజీలు చదివేశాడు.

ఫోన్ తెర లోపలి నుంచి వచ్చే లైటుతో వెలుగుతుంది. ఆ లైటు సూర్యుడి ముందు నిలవదు. పైనున్న గాజేమో అద్దంలా మారిపోతుంది. ఈ-రీడర్ తెరకు పగలు సొంత వెలుగు అక్కర్లేదు. కాగితం లాగే తన మీద పడిన వెలుగునే మన కంటికి పంపుతుంది. అందుకే ఎండ పెరిగేకొద్దీ అక్షరం ఇంకా తేటగా కనిపిస్తుంది.

ఆ తెరలో దాదాపు తలవెంట్రుక మందం ఉన్న గుళికలు లక్షల్లో పరిచి ఉంటాయి. ఒక్కో గుళికలో తేటగా ఉండే ద్రవం, అందులో తెల్ల రేణువులు, నల్ల రేణువులు. తెల్లవి టైటానియం డయాక్సైడ్. మన గోడలకు వేసే తెల్ల పెయింటులో ఉండేది కూడా అదే. ఒక రంగు రేణువులకు ధన విద్యుదావేశం, రెండో రంగు వాటికి రుణ విద్యుదావేశం ఉంటాయి. అడుగునుంచి కరెంటు తగలగానే ఒక రంగు పైకి తేలుతుంది, రెండోది కిందికి దిగుతుంది. తెల్లవి తేలిన చోటు కాగితం, నల్లవి తేలిన చోటు సిరా. అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో సాగిన ఈ పనిలోంచే 1997లో ఈ-ఇంక్ కంపెనీ పుట్టింది. 2004లో జపాన్‌లో సోనీ లిబ్రియె, 2007లో అమెజాన్ కిండిల్ ఈ తెరతోనే వచ్చాయి.

నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచేది వేరే. పైకి తేలిన రేణువులు కరెంటు ఆపేసినా అక్కడే నిలిచి ఉంటాయి! మామూలు తెర మీద బొమ్మ కదలకపోయినా దాన్ని సెకనుకు 60 సార్లు మళ్లీ మళ్లీ గీస్తూనే ఉండాలి. ఇక్కడ ముఖ్యంగా పేజీ తిప్పినప్పుడే ఖర్చు. అందుకే ఒకసారి చార్జింగ్ పెడితే వారాల తరబడి వస్తుంది. రాత్రిపూట చదవడానికి చాలా రీడర్లలో తెర అంచున చిన్న ఎల్ఈడీలు ఉంటాయి. వాటి వెలుగు ముందు అక్షరాల మీద పడి, అక్కడి నుంచి మన వైపు వస్తుంది. పేజీ మారేటప్పుడు అప్పుడప్పుడు తెర ఒక్కసారి నల్లబడుతుంది. పాత పేజీ జాడ చెరపడానికే అది. ఇంత నిదానమైన తెర వీడియోలకు పనికిరాదు. చదువుకోవడానికి కూర్చున్న మనిషికి అదేమీ లోటు కాదని నేను గట్టిగా నమ్ముతాను.

నాయనకు ఒక కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది, రెండో కంటికి ఇంకా కావాలి. ఆయనకు అసలు వరం అక్షరం సైజు పెంచుకోగలగడం. తెలుగుకు ఇది మరీ అవసరం. 'ప'కూ 'ఫ'కూ, 'ద'కూ 'ధ'కూ తేడా అడుగున ఉండే చిన్న గీతే. అంగుళానికి 300 చుక్కలుండే ఇప్పటి తెరల్లో ఆ గీత స్పష్టంగా తెలుస్తుంది.

అయితే పుస్తకం ఫొటోలుగా కాక అక్షరాలుగా ఉంటేనే సైజు మారుతుంది. కంప్యూటర్లలో అన్ని భాషల అక్షరాలకూ గుర్తులిచ్చే పద్ధతి యూనికోడ్. 1991లో వచ్చిన దాని మొదటి వెర్షన్‌లోనే తెలుగుకు చోటు దొరికింది. 'స్త్రీ' మన కంటికి ఒక్క అక్షరం. మెషీన్‌కు మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం, మొత్తం ఆరు గుర్తులు. వాటిని కలిపి సరైన రూపం గీసే ఫాంటు, సాఫ్ట్‌వేర్ రీడర్‌లో ఉండాలి. లేకపోతే వత్తులు విడిపోయి పేజీ చదవరాకుండా పోతుంది. కొనేముందు ఒక తెలుగు పేజీ తెరిచి చూసుకోవడం మంచిది.

మన పాత పుస్తకాలు నెట్‌లో ఎక్కువగా ఫొటోలుగానే దొరుకుతున్నాయి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకంలో తెలుగు పుస్తకాలెన్నో స్కాన్ అయ్యాయి. వేటపాలెంలో 1918లో మొదలైన సారస్వత నికేతనం గ్రంథాలయం 2022 దాకా ప్రకాశం జిల్లాలోదే. అలాంటి చోట్ల దాచిన పాత సంపుటాలను చెదల నుంచి, ఉప్పుగాలి నుంచి కాపాడాలంటే స్కాన్ చేయాల్సిందే. కానీ ఫొటో పేజీని ఆరంగుళాల తెర మీద పెద్దది చేస్తే వరస పక్కకు జారిపోతుంది. ప్రతి వరసకూ వేలితో కుడికీ ఎడమకీ లాగాలి. నాయన అలా పది నిమిషాలు ప్రయత్నించి పక్కన పెట్టేశాడు.

దీనికి నెట్‌లో ఉచితంగా పుస్తకాలు దొరికే తెలుగు వికీసోర్స్‌లో ఒక దారి ఉంది. స్కాన్ చేసిన పేజీ ఒక పక్క, ఖాళీ పెట్టె ఇంకో పక్క ఉంటాయి. ఎవరైనా టైపు చేయొచ్చు, ఇంకొకరు సరిచూడొచ్చు. మన చట్టం ప్రకారం సాధారణంగా రచయిత చనిపోయి 60 ఏళ్లు దాటిన పుస్తకం మీద కాపీరైట్ ఉండదు. నాయన చిన్నప్పుడు చదివిన పాత నవల ఒకటి అలా దొరికింది. నేను రోజూ రాత్రి రెండు పేజీలు టైపు చేస్తున్నాను. తెల్లారి ఆయన వాటిని రీడర్‌లో పెద్ద అక్షరాలతో తెరిచి తప్పులు పడతాడు. నిన్న 34వ పేజీ దగ్గర ఆగి, "అది లావత్తు కాదురా, ళావత్తు" అన్నాడు. స్కాన్ తెరిచి చూశాను. ళావత్తే.