పాత బేస్‌బాల్ ఫొటోలు: అపోహలు - వాస్తవాలు

పాత బేస్‌బాల్ ఫొటోల్లో పేరు తెలియని ఆటగాళ్లెవరో తేల్చడం నా పని. "సార్, ఇది బేబ్ రూతే కదా, అచ్చు గుద్దినట్టుంది" అంటూ ఎవరో ఒకరు ఆ పాతతరం అమెరికన్ బేస్‌బాల్ స్టార్ పేరు చెప్పి ఫొటో పంపుతూనే ఉంటారు. చాలామంది అప్పటికే డబ్బు కట్టేసి ఉంటారు. అదే నా బాధ.

అపోహ: ముఖం కలిస్తే మనిషి దొరికినట్టే.

వాస్తవం: కాదు. జనం నిలువునా మునిగేది ఇక్కడే. ఒకే ఈడు, ఒకే టోపీ, కళ్ల మీద ఒకే నీడ ఉంటే ముక్కూ మొహం తెలియని కుర్రాళ్లు కూడా అన్నదమ్ముల్లా కనిపిస్తారు. ఫోన్ యాప్ తొంభై శాతం అన్నా నమ్మకండి, మసక ఫొటోలో దానికి కనిపించేదీ అంతంతే. మేం ముందు వెతికేది పోలిక కాదు, తేడా. ఖాయమైన తేడా ఒక్కటి చాలు, పది పోలికలూ కొట్టుకుపోతాయి.

ఆ తేడా ఎక్కువగా చెవిలో దొరుకుతుంది. వయసుతో తమ్మె కాస్త సాగుతుందేమో గానీ, లోపలి మడతల తీరు పెద్దగా మారదు. న్యూజెర్సీలో ఉండే ఓ తెలుగాయన, హాల్ ఆఫ్ ఫేమ్‌కి, అంటే బేస్‌బాల్ దిగ్గజాల గౌరవ జాబితాకి ఎక్కిన ఓ పిచ్చర్‌ది (బంతి విసిరే ఆటగాడిది) అని చెబితే నమ్మి ఒక టిన్‌టైప్ కొన్నారు. టిన్‌టైప్ నెగటివ్ లేకుండా నేరుగా రేకు మీద పడే బొమ్మ, కాబట్టి కుడి ఎడమలు తారుమారవుతాయి. ఎడమ చెవిలా కనిపిస్తున్నదాన్ని ఆ పిచ్చర్ అసలు ఫొటోల్లోని కుడి చెవి పక్కన పెట్టాను. రేకు మీది కుర్రాడి తమ్మె చెంపకు అతుక్కుని ఉంది, పిచ్చర్‌ది విడిగా వేలాడుతోంది. అంతే, అయిపోయింది. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆయన భార్య "డబ్బు వెనక్కి వస్తుందా అన్నయ్యా?" అని అడిగింది. అమ్మినవాడు ఫోన్ ఎత్తడం మానేశాడు. ఆ దంపతుల తప్పేమీ లేదు. వాపసు గడువు రాతపూర్వకంగా ఇవ్వనివాడి దగ్గర మాత్రం దయచేసి కొనకండి.

"ఎడమచేతి వాటం కాబట్టి ఫలానా ఆయనే" అన్నా ముందు గుండీలు చూడండి. మగవాళ్ల చొక్కాకి గుండీలు తొడుక్కున్నవాడి కుడివైపు ఉంటాయి. ఫొటోలో అవి తొడుక్కున్నవాడి ఎడమవైపు కనిపిస్తే బొమ్మ తిరగబడిందని అనుమానించాలి.

అపోహ: ఫొటో మీద పేరు రాసి ఉంది కదా!

వాస్తవం: రాతా తప్పవుతుంది. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్న, బెయిన్ న్యూస్ సర్వీస్ అనే పాత వార్తా ఫొటోల సంస్థ గాజు నెగటివ్‌ల మీది పేర్లనే సాబర్ (అమెరికా బేస్‌బాల్ పరిశోధకుల సంఘం) పిక్టోరియల్ హిస్టరీ కమిటీ వాళ్లు ఎన్నో సరిదిద్దారు.

అపోహ: వీపు మీద 3 ఉంది, 1927 నాటి రూత్.

వాస్తవం: రూత్ ఆడిన న్యూయార్క్ యాంకీస్ జట్టు వీపు మీద నంబర్లు వేసుకున్నది 1929 నుంచే. ఛాతీ మీద ఎన్‌వై ఉంటే యాంకీసే అనుకోవద్దు, న్యూయార్క్ జెయింట్స్ కూడా అవే అక్షరాలు వేసుకున్నారు. చొక్కా చేతి మీద బేస్‌బాల్ శతాబ్ది బ్యాడ్జీ ఉంటే అది 1939.

ముత్తాత ఫొటో పట్టుకుని వచ్చేవాళ్లను చూస్తే నాకు జాలి. ఆయన పెద్ద లీగ్‌లో ఆడలేదంటే ముఖం చిన్నబోతుంది. ఊరి జట్టో, మిల్లు జట్టో అయినా ఆ జట్టేదో తేల్చడానికి నేను అంతే శ్రమ పడతాను. పంపేటప్పుడు రెండు వైపులా స్కాన్ చేయండి, అంచులు కత్తిరించకండి. వెనకాల గోడ, ప్రకటన బోర్డు, స్టాండ్ అన్నీ కావాలి. ఉదాహరణకు, న్యూయార్క్‌లో జెయింట్స్ ఆడిన మైదానం పోలో గ్రౌండ్స్ కొయ్య స్టాండ్ 1911 ఏప్రిల్‌లో తగలబడింది. ఆ కొయ్య స్టాండే వెనక ఉంటే ఫొటో అంతకు ముందుదని తేలిపోతుంది. ఆటగాడి కన్నా ముందు ఏడాది తేలితే, వెతకాల్సిన పేర్లు సగానికి సగం తగ్గుతాయి.