గుండె కవాటానికి మన చర్మం నుంచే ముప్పు

గుండెలో కవాటం (వాల్వ్) మార్చాలని డాక్టర్ చెప్పగానే ఇంట్లో అందరికీ ఆపరేషన్ గురించే టెన్షన్. ఇన్‌ఫెక్షన్ మాట వస్తే ఆసుపత్రి శుభ్రంగా ఉందా లేదా అని చూస్తాం. కానీ కవాటానికి పట్టే క్రిముల్లో చాలావాటికి పుట్టిల్లు రోగి చర్మమే. కీళ్లవాత జ్వరంతో చిన్న వయసులోనే కవాటం పాడై, మార్చిన కవాటంతో దశాబ్దాలు బతకాల్సిన వాళ్లు మన దగ్గర ఎందరో. వాళ్లకోసమైనా ఈ సంగతి తెలియాలి.

1960లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో సర్జన్ ఆల్బర్ట్ స్టార్, ఇంజనీరు లోవెల్ ఎడ్వర్డ్స్ కలిసి తయారుచేసిన పంజరంలో బంతిలాంటి కవాటంతో ఈ వైద్యం గాడిన పడింది. వెంటే కొత్త చిక్కూ వచ్చింది. స్టెఫైలోకాకస్ ఎపిడెర్మిడిస్ అనే బాక్టీరియా అందరి ఒంటి మీదా ఉంటుంది, మామూలుగా హాని చేయదు. రక్తపరీక్షలో కనిపించినా, సూది గుచ్చినప్పుడు చర్మం నుంచి అంటుకుందిలే అనుకునేవారు. అదే కృత్రిమ కవాటం మీద వాలితే, నీళ్ల తొట్టిలో పాచిలా జిగురుపొర కట్టుకుని కూర్చుంటుంది. ఆ పొరలో ఉన్న క్రిముల మీద మందు సరిగా పనిచేయదు. చాలాసార్లు మళ్లీ ఛాతీ తెరవాల్సి వస్తుంది.

కవాటానికే కాపలా పెడదామని కవాటాలు తయారుచేసే సెయింట్ జూడ్ కంపెనీ, కవాటాన్ని గుండెకు కుట్టే అంచుకు వెండి పూత వేసి సిల్జోన్ కవాటం తెచ్చింది. వెండి క్రిములను చంపుతుంది, నిజమే. కానీ కవాటం పక్కనుంచి రక్తం కారడం ఎక్కువగా కనిపించి, 2000 జనవరిలో దాన్ని వెనక్కి తీసుకున్నారు.

అసలు పని చర్మం దగ్గరే ఉంది. అక్కడా చాలాకాలం పొరపాటే జరిగింది. ఆపరేషన్‌కు ముందు వెంట్రుకలను బ్లేడుతో నున్నగా గీయడం ఆనవాయితీ. కెనడాలోని కాల్గరీలో క్రూజ్, ఫోర్డ్ అనే ఇద్దరు అన్ని రకాల ఆపరేషన్లూ కలిపి పదేళ్లపాటు 62,939 గాయాలను గమనించి 1980లో లెక్క చెప్పారు: రేజర్‌తో గీసినవారిలో 2.5 శాతం మందికి, గీయనివారిలో 0.9 శాతం మందికి చీము పట్టింది. బ్లేడు వదిలే కంటికి కనపడని గాట్లలో క్రిములు పెరుగుతాయి. అందుకే ఇప్పుడు తప్పనిసరైతేనే, అదీ క్లిప్పర్‌తో, వెంట్రుకలు తీస్తారు. క్రిములను చంపే క్లోర్‌హెక్సిడిన్ మందు కలిసిన స్పిరిట్ రాసి ఆరేదాకా ఆగుతారు. తడి మీదే షీటు కప్పేస్తే మందు పని పూర్తికాదు, కాటరీ (రక్తం ఆపడానికి కరెంటుతో కాల్చే పరికరం) నిప్పురవ్వకు స్పిరిట్ అంటుకునే ప్రమాదమూ ఉంది. కోతకు ముందు గంటలోపు సెఫజోలిన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఇస్తారు.

2002లో ఫ్రాన్స్‌లోని రువాన్‌లో అలాన్ క్రిబియే ఛాతీ కోయకుండా, గజ్జల దగ్గరి రక్తనాళం గుండా కవాటం పెట్టారు. దారి మారింది, క్రిమీ మారింది. పేగుల్లో ఉండే ఎంటెరోకాకస్ గజ్జల చర్మం మీదా చేరుతుంది. దానిమీద సెఫజోలిన్ పనిచేయదు! ఏళ్ల తరబడి ఛాతీ ఆపరేషన్ మందునే ఇక్కడా వాడారు. 2023లో యూరప్ గుండె వైద్యుల సంఘం, ముందుగా ఇచ్చే మందు ఎంటెరోకాకస్‌నూ అడ్డుకునేలా చూడాలని సూచించింది.

ఇంకొకటి, మొటిమల్లో కనిపించే క్యూటిబాక్టీరియం ఆక్నెస్. వెంట్రుక కుదుళ్లలో లోతుగా ఉంటుంది కాబట్టి పైపూత పూర్తిగా అందదు. కవాటం మార్చిన నెలలకో ఏళ్లకో సన్నజ్వరంగా బయటపడవచ్చు, ఒక్కోసారి జ్వరమే ఉండదు. అందుకే కవాటం ఉన్నవారికి జ్వరం వదలకపోతే, యాంటీబయాటిక్ మింగకముందే రక్తం కల్చర్‌కు (సీసాల్లో ఉంచి క్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్షకు) ఇవ్వాలి. మామూలుగా అయిదు రోజులకు తీసేసే ఆ సీసాలను, ఈ క్రిమి అనుమానం ఉంటే 10 నుంచి 14 రోజులు ఉంచమని ల్యాబ్‌కు చెప్పాలి.